చేపనూనె కాప్సూల్స్ కొనబోయే ముందు
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మందుల షాపులో ఈ మధ్య మీరూ గమనించే వుంటారు. గల్లాపెట్టె పక్కన, ఇదివరకు దగ్గుబిళ్ళలూ పిల్లల పాలడబ్బాలూ వుండే చోట, బంగారు రంగు కాప్సూల్స్ డబ్బాలు వరసగా పేర్చి వుంటున్నాయి. ఒకటి నాలుగువందలు, దాని పక్కది తొమ్మిదివందలు, ఆ పైది ఒకటి కొంటే ఒకటి ఉచితం. అన్నిటి మీదా చేప బొమ్మే. అన్నిటి మీదా ఒమేగా-3 అన్న పేరే. ఏది కొనాలయ్యా అని షాపు కుర్రాణ్ణి అడిగితే, “ఇది బాగా పోతోందండీ” అంటాడు. బాగా పోయేది ఏదో అతనికి కావాలి గానీ, మనకి పనికొచ్చేది ఏదో మనకి కావాలి.

ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. దీనికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. బియ్యం బస్తా ధరని కిలోకి విడగొట్టి చూసుకునే లెక్క వస్తే చాలు. ఆ లెక్క మనకి ఒకరు నేర్పాలా?

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. మన అమ్మమ్మల కాలంలో పిల్లల ముక్కు మూసి చెంచాతో పోసిన కాడ్ లివర్ ఆయిల్ వేరు, ఇప్పుడు అమ్ముతున్న చేపనూనె వేరు. కాడ్ అనే చేప కాలేయం నుంచి తీసేది మొదటిది. అందులో ఎ, డి విటమిన్లు దండిగా వుంటాయి. డి విటమిన్ చాలక పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర తిరిగే రికెట్స్ జబ్బుకి అది మంచి మందు. రెండోది చేప ఒళ్ళంతటిలోంచీ పిండి తీసిన నూనె. అందులో ఆ విటమిన్లు పెద్దగా వుండవు. చవకగా దొరికింది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి తెచ్చేయకండి. ముఖ్యంగా ఇంట్లో కడుపుతో వున్న అమ్మాయి వుంటే, కాడ్ లివర్ నూనె డాక్టర్ని అడక్కుండా ఇవ్వనే ఇవ్వొద్దు. ఎ విటమిన్ ఎక్కువైతే కడుపులో బిడ్డకి చేటు.

ఇక అసలు విషయం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1000 మి.గ్రా. అని వుంటుంది. అది చూసి కాప్సూల్ నిండా ఒమేగా-3యే వుందనుకుంటాం. కాదండీ. ఆ వెయ్యి మిల్లీగ్రాములూ నూనె బరువు. ఆ నూనెలో మనకి కావలసిన సరుకులు రెండే రెండు: ఒకదాని పేరు ఇ.పి.ఎ., రెండోదాని పేరు డి.హెచ్.ఎ. డబ్బాని వెనక్కి తిప్పండి. సన్నటి అక్షరాల్లో అవి విడివిడిగా రాసి వుంటాయి. మామూలు రకం కాప్సూల్‌లో సాధారణంగా ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120 మి.గ్రా. వుంటాయి. రెండూ కలిపితే 300. అంటే వెయ్యిలో మిగిలిన ఏడువందలూ ఇతర కొవ్వులు. వడ్లు కొని బియ్యం లెక్క చూసుకున్నట్టు, మనం లెక్క కట్టవలసింది ఆ 300కే.

ఇప్పుడు మూడు డబ్బాలు ముందు పెట్టుకుందాం. ధరలు నేను లెక్క కోసం అనుకుంటున్నవి, మీరు మీ షాపు ధరలు వేసుకోండి. మొదటి డబ్బా 420 రూపాయలు, అరవై కాప్సూల్స్, ఒక్కొక్కదానిలో 300 మి.గ్రా. అరవై మూళ్ళు నూట ఎనభై, అంటే మొత్తం 18 గ్రాముల సరుకు. గ్రాము 23 రూపాయల చిల్లర పడింది. రెండో డబ్బా గట్టి రకం, 900 రూపాయలు. అందులోనూ అరవయ్యే, కానీ ఒక్కొక్కదానిలో 750 మి.గ్రా. మొత్తం 45 గ్రాములు, గ్రాము సరిగ్గా 20 రూపాయలు. చూశారా, ఖరీదు ఎక్కువనుకున్నదే చవకైంది!

మూడోది చూడండి, తమాషా అంతా దీంట్లోనే వుంది. ధర 648 రూపాయలు, అరవై కాప్సూల్స్, వెనకాల చీటీ మీద ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. కలిపి 900 మి.గ్రా. అని వుంది. అబ్బో, రెండోదానికన్నా గట్టిది, పైగా చవక అని చెయ్యి చాపేస్తాం. ఆ పట్టిక నెత్తిన ఇంకా సన్నగా ఒక ముక్క వుంటుంది: ‘ఒక మోతాదు, రెండు కాప్సూల్స్’ అని. అంటే ఆ 900 రెండు కాప్సూల్స్‌ది. ఒక్కోదానిలో 450యే. మొత్తం 27 గ్రాములు, గ్రాము 24 రూపాయలు. మూడింట్లోకీ ఇదే ఎక్కువ ధర. అబద్ధం ఏమీ రాయలేదు సుమండీ, అంతా నిజమే రాశారు. చదివే ఓపిక మనకి వుండదని వాళ్ళ ధీమా. అంచేత కళ్ళజోడు పెట్టుకునే షాపుకి వెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళయితే డబ్బా వెనక ఫోటో పెద్దది చేసి చూడండి. వెనక ఫోటో పెట్టనివాడి దగ్గర కొననక్కర్లేదు.

అయితే గ్రాము ధర తక్కువ కాబట్టి రెండో డబ్బాయే కొనెయ్యాలా? అక్కడే ఆగాలి. మనకి రోజుకి ఎంత కావాలో చూసుకోవాలి కదా. యూరప్‌లోని ఆహార భద్రతా సంస్థ 2010లో పెద్దవాళ్ళకి రోజుకి ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. కలిపి 250 మి.గ్రా. చాలునని చెప్పింది. ఆ లెక్కన మామూలు కాప్సూల్ ఒక్కటి రోజుకి సరిపోతుంది, ఖర్చు ఏడు రూపాయలు. గట్టి రకం రోజుకొకటి వేసుకుంటే పదిహేను రూపాయలు, అవసరానికి మూడింతలు. నలుగురున్న ఇంటికి పెళ్ళివారి గంగాళం కొన్నట్టు. డాక్టరుగారు ఫలానా ఇన్ని గ్రాములు వాడమని రాసిచ్చిన వాళ్ళకే గట్టి రకం లాభం.

ఇంతకీ అసలు వీటితో పనేమిటి అంటారా? దీని గురించి కొంచెం నిలకడగా చెప్పాలి, ఎందుకంటే డబ్బుకన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతోంది. 1970 ప్రాంతంలో బాంగ్, డయర్‌బర్గ్ అనే ఇద్దరు డెన్మార్క్ శాస్త్రజ్ఞులు గ్రీన్లాండ్‌లో సముద్రపు తిండి మీద బతికే ఎస్కిమోల రక్తం పరీక్షించారు. ఆ పరిశోధనలతోనే చేపకొవ్వు గుండెకి మంచిదన్న మాట లోకమంతా పాకింది. తరవాత పెద్ద పెద్ద పరీక్షలు చేశారు. 2018లో అమెరికాలో 25,871 మంది మీద, బ్రిటన్‌లో 15,480 మంది మధుమేహం వున్నవాళ్ళ మీద చేసిన రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి. సంవత్సరాల తరబడి రోజుకో కాప్సూల్ వేసుకున్నా, గుండెపోటూ పక్షవాతమూ అన్నీ కలిపి లెక్క చూస్తే, వేసుకోని వాళ్ళకన్నా చెప్పుకోదగినంత తగ్గలేదని తేలింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 500 దాటిన వాళ్ళకి మాత్రం డాక్టర్లు రోజుకి నాలుగు గ్రాముల దాకా శుద్ధి చేసిన ఒమేగా-3 రాస్తారు. అది ఆ కొవ్వుని నిజంగానే తగ్గిస్తుంది. అది మందు. అంత మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం కూడా పెరుగుతుందని తెలిసింది కనక, డాక్టరు కనిపెట్టి చూస్తూ వుండగా వాడవలసినదే గానీ మనంతట మనం వేసుకునేది కాదు.

ఈ కార్యక్రమానికి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళాయనకి స్టంటు వేశారట. నెలనెలా మందుల బిల్లు భరించలేక, “కొలెస్ట్రాల్ బిళ్ళ మానేసి దాని బదులు చేపనూనె వేస్తున్నాను, సహజమైనది కదా, నెలకి రెండువందలు మిగులుతోంది” అని. అమ్మా, మీ పేరు చదవను గానీ, ఇది మీరు వింటూ వుంటే ఇవాళే ఆ బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టే సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఆ బిళ్ళ చేసే పని ఈ నూనె చెయ్యదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆ బిళ్ళనే జనరిక్ రకంలో రాసిమ్మని డాక్టరుగారిని అడగండి, అందులో తప్పేం లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ, ఆపరేషన్‌కి రోజు ఖాయమైనవాళ్ళూ ఈ కాప్సూల్స్ వేసుకుంటున్నామని డాక్టరుకి చెప్పి తీరాలి. మన దేశంలో వీటిని ఆహారపు కోవలో అమ్ముతారు. డబ్బా మీద ‘ఔషధంగా వాడేందుకు కాదు’ అన్న మాట ఇంగ్లీషులో అచ్చు వేసి వుంటుంది. పక్కనే పధ్నాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నెంబరు వుండాలి. అది లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు.

ధరలు ఒక్కోసారి ఎందుకలా ఎగురుతాయో కూడా తెలుసుకుంటే సరదాగా వుంటుంది. లోకంలో తయారయ్యే చేపనూనెలో పెద్ద వాటా దక్షిణ అమెరికాలోని పెరూ దేశానిది. మన నెత్తళ్ళ జాతికి చెందిన చిన్న చేప అక్కడ గుంపులు గుంపులుగా పడుతుంది. 2023లో ఎల్ నినో వచ్చి సముద్రం వేడెక్కడంతో, ఆ ఏడాది మొదటి వేట కాలాన్ని అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. నూనె ధర ప్రపంచమంతా చుక్కలంటింది. పైగా తయారయ్యే నూనెలో ఎక్కువ భాగం మనుషులు తాగేది కాదు, పెంపకపు చేపలకీ రొయ్యలకీ మేతలో పోతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో వేసే మేతలో కూడా అది వుంటుంది. రొయ్యకీ మనకీ ఒకే పీపా దగ్గర పోటీ అన్నమాట!

కొన్ని రకాలకి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు ఇష్టం వుండదు. ఒమేగా 3-6-9 అని మూడూ కలిపినవి వుంటాయి. ఆరు, తొమ్మిది మన వంటనూనెల్లో రోజూ తింటూనే వున్నాం, వాటికి మళ్ళీ డబ్బెందుకు? క్రిల్ నూనె అని ఎర్రటి కాప్సూల్స్ వస్తాయి. గ్రాము లెక్క వేసి చూడండి, మీకే గుండె ఝల్లుమంటుంది. తేన్పులు చేప వాసన కొట్టకుండా పైపూత వేసినవాటికి కొంచెం ఎక్కువ తీసుకుంటారు. భోజనం మధ్యలో వేసుకుంటే మామూలువాటితోనే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక అమెరికా నుంచి పిల్లలు తెచ్చే డబ్బాల సంగతి. మూడువందల కాప్సూల్స్ డబ్బా, అక్కడ చాలా చవకట. సూట్‌కేసు నిండా వస్తాయి. అత్తగారికొకటి, వియ్యపురాలికొకటి, మిగిలింది వంటింట్లో పొయ్యి పైన అలమరలోకి. చేపనూనెకి వేడీ వెలుతురూ గాలీ పడవు. ముక్కిపోతుంది. మన బెజవాడ ఎండల్లో, పొయ్యి సెగ తగిలేచోట, మూత తీసిన డబ్బా ఏడాది పాటు వుంటే అందులో మిగిలేది మందు కాదు, మడ్డి. ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానం వస్తే ఒకటి సూదితో పొడిచి వాసన చూడండి. తేలిగ్గా చేప వాసన వస్తే సరే. పాత రంగు డబ్బాలాగా, ముక్కిన పచ్చడిలాగా వస్తే పారేయండి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట మొదట గడువు తేదీ చూడాలి. నెలలోపు గడువు తీరిపోయే రెండు డబ్బాలకంటే, ఏడాది గడువున్న ఒక డబ్బా మేలు.

సెల్‌ఫోన్‌లో ఒక వీడియో తిరుగుతూంటుంది, థర్మాకోల్ కప్పులో ఈ నూనె పోస్తే కప్పు కరిగిపోతుంది, కరిగితే అది నకిలీ అని. దాన్ని నమ్మకండి. ఇథైల్ ఎస్టర్ రూపంలో వుండే చేపనూనె థర్మాకోల్‌ని కరిగించే మాట నిజమే. కానీ డాక్టర్లు రాసే అసలైన మందు కూడా ఆ రూపంలోనే వస్తుంది. అది నకిలీకి గుర్తూ కాదు, విషానికి గుర్తూ కాదు. ఆ రూపంలో వున్నదాన్ని మాత్రం ఖాళీ కడుపున కాక, కాస్త నెయ్యో నూనో వున్న భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది.

చేప తినే ఇళ్ళవాళ్ళకి నేను చెప్పేది వేరు. కవళ్ళు, కానాగంతలు చూడండి. వంజరం, చందువల ముందు వీటిని చిన్నచూపు చూస్తాం, కానీ కొవ్వు పట్టిన కాలంలో నూరు గ్రాములకి సుమారు గ్రాము ఒమేగా-3 వీటిలో వుంటుంది. చెరువులో పెంచే బొచ్చె, శీలావతుల్లో అంత వుండదు. కిలో కవళ్ళు 200 రూపాయలనుకోండి, బాగుచేశాక ఆరువందల గ్రాములు మిగిలితే ఆరు గ్రాముల సరుకు, అంటే గ్రాము 33 రూపాయలు. “అయితే కాప్సూలే చవక కదా” అంటారేమో! కాప్సూల్‌తో అన్నం కలుపుకోలేం కదమ్మా. ఆ రెండువందలకి ఇంటిల్లిపాదికీ ఒకపూట కూరా, మాంసకృత్తులూ, ఎముకతో నమిలితే కాల్షియమూ వచ్చాయి. ఒమేగా-3 కొసరు కింద వచ్చినట్టే. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికా హృద్రోగ సంఘంవారు చెప్పేదీ ఇదే. నూనెలో మునిగేట్టు వేయిస్తే లోపలి మంచి కొవ్వు కొంత బాండీలోకి దిగిపోతుంది. చింతపండు పులుసు పెట్టుకోండి, దిగింది పులుసులోనే వుంటుంది.

శాకాహారుల ఇళ్ళలో అవిసెగింజల పొడి వాడుతున్నారు, మంచిదే. దాంట్లోది ఇంకో రకం ఒమేగా-3. మన ఒళ్ళు దాన్ని ఇ.పి.ఎ.గా కొద్దిగా, డి.హెచ్.ఎ.గా మరీ కొద్దిగా మాత్రమే మార్చుకోగలదు. సముద్రపు నాచు నుంచి తీసిన డి.హెచ్.ఎ. కాప్సూల్స్ వస్తున్నాయి. చేపలకి కూడా మొదట్లో ఆ సరుకు నాచునుంచి వచ్చేదే. ధర ఎక్కువే, ఇందాకటి లెక్కే వేసి చూసుకోండి. ఒక్క మాట, లోపలి నూనె నాచుదైనా పైనున్న మెత్తటి తొడుగు చాలా రకాల్లో జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు వుందో, గోధుమరంగు గుర్తు వుందో చూసి, మడి కట్టుకునే అత్తగారికి ఆ మాట చెప్పిన తరవాతే చేతిలో పెట్టండి.