మొదలిడగానే ఆరిపోవు కంప్యూటరు

సైదాబాదులో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని ఇల్లు ఊహించుకొనుడు. మే నెల, మధ్యాహ్నము. బల్లక్రింద ఎనిమిదేండ్లనాటి కంప్యూటరు కలదు. మీట నొక్కగా పంకా తిరిగినది, తెరపై అక్షరములు కనబడినవి. 40 సెకండ్లు గడచునంతలో యంత్రము చప్పున ఆరిపోయినది. వెంటనే మరల నొక్కగా 20 సెకండ్లకే ఆరినది. మూడవసారి 10 సెకండ్లు. ఎనిమిదేండ్లుగా కూర్చుకొన్న భౌతికశాస్త్ర పాఠములు, ప్రశ్నపత్రములు, పిల్లల మార్కుల పట్టికలు అన్నియు అందులోనే ఉన్నవి. వేరొకచోట నకలు లేదు. చూడవచ్చిన కుర్రవాడు “పవర్ సప్లయి పోయింది సార్, మార్చాలె” అన్నాడు. పొరుగువారు “పాతదయింది, అమ్మేయండి సార్” అన్నారు. ఇద్దరును 40, 20, 10 అను మూడంకెలను గమనింపలేదు. రోగలక్షణ మంతయు ఆ అంకెలలోనే ఉన్నది.

మీట నొక్కినది మొదలు జరుగు పని యేమి? గోడనుండి వచ్చు 230 వోల్టుల ప్రత్యావర్తి విద్యుత్తును పవర్ సప్లయి అను లోహపు పెట్టె 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. ఆ వోల్టేజీలు నిలకడకు రాగానే “అంతయు సరిగానున్నది” అను సంకేతమును మదరుబోర్డుకు పంపును. ఇందుకు అర సెకండు కూడ పట్టదు. అప్పుడు ప్రాసెసరు మేల్కొని, తన పరివారమును (జ్ఞాపకశక్తి చిప్పులను, డిస్కును, కీబోర్డును) ఒకసారి పరీక్షించుకొని, ఆ తరువాతనే విండోసు వంటి నిర్వహణ వ్యవస్థను డిస్కునుండి పిలుచుకొనును. కావున యంత్రము ఏ క్షణమున ఆరినదో చూచిన, ఏ మెట్టుపై కాలు జారినదో తెలియును.

ఒకటి రెండు సెకండ్లలోనే ఆరిన, ఎచ్చటనో షార్టు సర్క్యూటు ఏర్పడి పవర్ సప్లయి తన్ను తాను కాపాడుకొనుచున్నదని అనుమానింపవలెను. బోర్డుక్రింద చిక్కుకొన్న ఒక మరమేకు చాలును. ఉబ్బిన కెపాసిటరైనను కావచ్చును. ప్రతిసారియు సరిగా 4 సెకండ్లకే ఆరుచుండిన, అది మీట తప్పు. మీటను 4 సెకండ్లు నొక్కిపట్టిన యంత్రము ఆరిపోవునట్లు ఏర్పాటున్నది. దుమ్ముచేత బిగుసుకొన్న మీట పైకి రాక, ఎవరో నొక్కిపట్టినట్లే ఉండును. ఇట్టి చిన్న కారణమునకు బోర్డులనే మార్పించుకొన్నవారు లేకపోలేదు!

ఇక ఆరు వ్యవధి పోనుపోను తగ్గుచుండిన కారణము వేడిమి. మొదటిసారి చల్లగా బయలుదేరిన చిప్పునకు హద్దు చేరుటకు 40 సెకండ్లు పట్టినది. రెండవసారి అది వేడిగానే బయలుదేరినది. దీనిని రూఢి చేసికొనుటకు ఉపకరణమేదియు అక్కరలేదు. ఒక గంట ఊరకుంచి మరల నొక్కవలెను. తిరిగి 40 సెకండ్లు నిలిచిన, అనుమానము నిజమైనట్లే.

ఇంటి కంప్యూటరులోని ప్రాసెసరు పూర్తి పనిలో సుమారు 65 వాట్లు ఖర్చు చేయునని అనుకొనుడు. పాతకాలపు 60 వాట్ల బల్బు ఎంత కాలునో విద్యార్థులెరుగుదురు. ఇచ్చట ఆ వేడిమి గోరంత సిలికాను పలుకలో పుట్టుచున్నది. దానిపై అల్యూమినియపు రెక్కల దిమ్మె, దానిపై పంకా ఉండును. ఓము సూత్రము తెలిసినవారికి తక్కిన లెక్క సుళువు. వేడిమి ప్రవాహమును విద్యుత్ప్రవాహముగను, ఉష్ణోగ్రతల భేదమును వోల్టేజిగను భావింపవలెను. దారిలోని నిరోధము వాటుకు 0.6 డిగ్రీలైన, చిప్పు గదికంటె 39 డిగ్రీలు మాత్రమే వేడెక్కును. రెక్కలలో దుమ్ము పేరుకొని, మధ్యనున్న లేపనము ఎండి, నిరోధము 1.1 అయినదనుకొనుడు. అప్పుడు భేదము 71.5 డిగ్రీలు. జనవరిలో గది 25 డిగ్రీలున్న చిప్పు 96.5 వద్ద బొటాబొటీగా నెట్టుకొనివచ్చును. మే నెలలో గది 42 అయిన చిప్పు 113.5 చేరును. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల ప్రాంతమున వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి పెరుగుచుండిన తమంత తాము ఆరిపోవును. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు చూచిన హైదరాబాదులో ఈ లెక్క పుస్తకాల లెక్క కాదు.

40 సెకండ్లలోనే ఆరుట మాత్రము ఇంకొక సంగతి చెప్పుచున్నది. దిమ్మె చిప్పును సరిగా తాకుటలేదు. దానిని పట్టియుంచు నాలుగు కొక్కెములలో ఒకటి ఊడిన ఇట్లగును. రాగి, అల్యూమినియము ఎంత మంచి వాహకములైనను, మధ్య వెంట్రుకవాసి గాలిపొర నిలిచిన వేడిమి దాటలేదు. గాలి వాహకత్వము రాగిలో పదివేలవ వంతుకంటె తక్కువ. ఆ సందులను నింపుటకే లేపనము.

చికిత్స సామాన్యమైనది. తీగ ఊడదీసి, మూత తెరచి, పంకా రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టి, దుమ్మును మెత్తని కుంచెతో తీయవలెను. దిమ్మెను విప్పి, ఎండిన లేపనమును స్పిరిటుతో తుడిచి, బఠాణిగింజంత క్రొత్తది పెట్టి, నాలుగు కొక్కెములను సమముగా బిగింపవలెను. లేపనము కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ సామానుల అంగళ్లలో దొరకును. ఎక్కువ పూసిన మేలనుకొనుట పొరపాటు. రాగిముందు లేపనము కూడ అధమ వాహకమే. పిదప మొదటి అమరికల తెరలోనికి పోయి, అచ్చట కనబడు ప్రాసెసరు ఉష్ణోగ్రతను పది నిమిషములు చూడవలెను. అది నిలకడగానుండి, విండోసు వచ్చునపుడు మాత్రమే యంత్రము ఆగుచుండిన, తప్పు డిస్కులోనో ప్రోగ్రాములోనో వెదుకవచ్చును.

పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఇంటిలో తెరువరాదు. 230 వోల్టుల శిఖర విలువ 325 వోల్టులు. లోపలి కెపాసిటరు తీగ ఊడదీసిన పిదప కూడ కొంతకాలము ఆ వోల్టేజిని దాచియుంచగలదు. దానిపై అనుమానమున్న వెలుపలి తీగల వద్దనే మల్టీమీటరుతో కొలువవచ్చును. 12 వోల్టుల తీగపై 11.4కు తగ్గిన అది దోషమే. వేసవిలో యు.పి.ఎస్.ను తప్పించి గోడకే తగిలించి చూచుటయు మంచిది; బాటరీ చచ్చిన యు.పి.ఎస్., ఫ్రిజ్జు మొదలైనపుడు కలుగు చిన్న వోల్టేజి తగ్గుదలకే యంత్రమును ఆర్పివేయవచ్చును.

మరి ఉపాధ్యాయుని పాఠములు? నాలుగవసారి మీట నొక్కకుండుటే వాటికి మొదటి రక్ష. డిస్కు వ్రాయుచుండగా విద్యుత్తు తెగిన, ఆ వ్రాత సగములో నిలిచి దస్త్రము చెడవచ్చును. డిస్కు వేరు, ప్రాసెసరు వేరు. రెండు తీగలు, నాలుగు మరమేకులు విప్పిన డిస్కు చేతికి వచ్చును. దానిని యు.ఎస్.బి. తీగతో మరొక కంప్యూటరుకు తగిలించి నకలు తీసికొని, ఆ తరువాతనే దిమ్మెపై చేయివేయవచ్చును.