ప్రసూతి సెలవు

కాన్పుకు ముందూ తర్వాతా ఉద్యోగినికి జీతంతో ఇచ్చే విరామం ఇది. ఫ్యాక్టరీలకు, పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణాలు, సంస్థలకు వర్తిస్తుంది. 1961 నాటి చట్టం 12 వారాలిస్తే, 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు దాన్ని 26 వారాలు చేసింది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ సెలవు స్త్రీల పునరుత్పత్తి హక్కుల్లో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు చిక్కు ఆ జీతం ఎవరివ్వాలన్న దగ్గరే. నెలకు 21,000 రూపాయల వరకు వేతనంతో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ)లో ఉన్నవారికి ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది. మిగతావారి విషయంలో భారమంతా యజమానిదే. పన్నెండుమందితో నడిచే ప్రింటింగ్ ప్రెస్సుకో, చిన్న ప్రైవేటు బడికో ఆరు నెలల జీతంతో పాటు, బదులు వచ్చిన మనిషి జీతమూ తోడైతే మోయడం కష్టం. ఆ భయంతోనే కొందరు ఇంటర్వ్యూలో ‘పెళ్లయిందా?’ అని ఆరా తీస్తారు. ఇది ముమ్మాటికీ అన్యాయం. అలాగని సెలవు తగ్గించడం దీనికి మందు కాదు. ఈ ఖర్చును ఒక్క యజమాని నెత్తిన పెట్టకుండా సామాజిక బీమా నుంచో, ప్రజాధనం నుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే ఒప్పందం చేసింది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

ఇక పొలం కూలీలకు, ఇళ్లలో పనిచేసేవారికి ఈ సెలవే అందదు. కేంద్ర పథకమైన మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు వచ్చేది 5,000 రూపాయలు. నెలల తరబడి కూలి పోయే ఇంటికి అది ఏ మూలకూ చాలదు.