తుపాకీ ఉండగా కత్తి ఎందుకు?

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "మామయ్యా, తుపాకీ ఉంటే ఒక్క గుండుతో పనైపోతుంది కదా! మరి ఆర్పీజీ గేముల్లో ఎక్కువమంది కత్తులు, మంత్రాలే ఎందుకు ఇష్టపడతారు?" అడగదగ్గ ప్రశ్నే.

మామూలు షూటింగ్ గేమ్‌లో గురి నీది, వేలు నీది. తగిలినా తప్పినా నీ చలవే. ఆర్పీజీ (ఒక పాత్రగా మారి ఆడే ఆట) అలా కాదు. అక్కడ లెవెల్ పెరిగేదీ, బలం పుంజుకునేదీ నీ పాత్ర.

ఈ పద్ధతి కంప్యూటర్లో పుట్టలేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. కత్తి దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పాత్ర నేర్పును బట్టి ఆ లెక్క మారుతుంది. అష్టాచమ్మాలో గవ్వలు వేసేవాడి కండబలంతో పనిలేనట్టే. 1981లో వచ్చిన 'అల్టిమా', 'విజార్డ్రీ', 1986 నాటి జపాన్ గేమ్ 'డ్రాగన్ క్వెస్ట్' ఈ లెక్కల దారే పట్టాయి. డ్రాగన్లూ మాంత్రికులూ ఆ వెంటే వచ్చేశారు. కాబట్టి సగం కారణం వారసత్వం.

మిగతా సగం తుపాకీలోనే ఉంది. శత్రువు తలకు సూటిగా గురిపెట్టి కాల్చావు. "నీ పాత్రకు ఇంకా అంత నేర్పు లేదు" అంటూ గేమ్ ఆ గుండును పక్కకు పోనిస్తే ఒళ్లు మండదూ? 'డ్యూస్ ఎక్స్' (2000)లో కొత్తలో గురి గుర్తు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. కదలకుండా నిలబడితేనే దగ్గరకొస్తుంది. 'ఫాలౌట్ 3' (2008) కావాలంటే ఆటను ఆపేసి, తలకైతే ఇంత శాతం, కాలికైతే ఇంత అని చూపించి, ఎంచుకోమంటుంది. పాచికే మళ్లీ, వేషం మార్చుకుని. 'బోర్డర్‌ల్యాండ్స్' (2009) గుండును తగలనిస్తుంది కానీ, పై లెవెల్ శత్రువు తలకు పది తగిలినా పడడు. అది నవ్వుల గేమ్ కనుక చెల్లింది. నిజంలా కనిపించే మనిషి అలా నిలబడితే నమ్మబుద్ధి కాదు. డ్రాగన్ వంద దెబ్బలకు చావకపోయినా ఎవరూ అడగరు. దాన్ని చూసినవాడెవడు గనక!

పైగా మంత్రం గాయం మాన్పుతుంది, నిద్రపుచ్చుతుంది, తాళం తీస్తుంది. తుపాకీకి ప్రధానంగా ఒకటే పని.

అలాగని తుపాకీ ఆర్పీజీలు ఓడిపోలేదు. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 2023లో చెప్పిన లెక్క ప్రకారం, దాని కత్తుల గేమ్ 'విచర్ 3' 5 కోట్లు, తుపాకుల 'సైబర్‌పంక్ 2077' రెండున్నర కోట్ల కాపీలు దాటాయి. మొదటిది ఐదేళ్లు ముందొచ్చిందని గుర్తుంచుకోవాలి. ఇంకోమాట నాయనా: ఆ రెండూ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే.