పడినవాడు నేర్పిన పాఠం

ఇంగ్లీషులోని 'అమెచ్యూర్' అనే మాటకు మూలం, లాటిన్ భాషలో ప్రేమించేవాడు అని అర్థమిచ్చే పదం. వేతనం కోసం గాక, వలపు కొద్దీ ఒక విద్యను చేపట్టినవాడని తాత్పర్యం. సంగీతాన్ని అట్లా ప్రేమించినవాడు అపస్వరం పలికితే శ్రోత ముఖం చిట్లిస్తాడు. చదరంగాన్ని ప్రేమించినవాడు తప్పుటెత్తు వేస్తే ఆట పోతుంది. మోటారు సైకిలు పందేన్ని ప్రేమించినవాడు పొరబడితే ఎముక విరుగుతుంది. ఈ ప్రేమకు ఇంత వెల ఎందుకు చెల్లించవలసి వస్తున్నది? ఆ వెలను కొంతైనా తగ్గించినవారెవరు? పందేలంటే ఆసక్తి లేనివారికి సైతం ఈ ప్రశ్నలకు సమాధానం ఉపయోగపడుతుంది.

ఈ క్రీడ పుట్టింది మొదలు అందులో ఔత్సాహికులకు ఒక స్థానమున్నది. ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమ సముద్రంలో ఉన్న మాన్ ద్వీపంలో 1907లో మోటారు సైకిలు పందేలు ఆరంభమైనవి. కేవలం ఔత్సాహికుల కోసమే 1923లో అక్కడ వేరొక పందెం ఏర్పడినది. 1930 నుంచి దానికి 'మాంక్స్ గ్రాండ్ ప్రీ' అని పేరు. ఊళ్ల నడుమగా, రాతిగోడల పక్కగా, కొండ మీదుగా పోయే ఆ మార్గం ఒక చుట్టుకు అరవై కిలోమీటర్లకు పైబడి ఉన్నది. మన దక్షిణ దేశంలో మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు నుంచి వెళ్లే దారిలో, షోలవరం అనే ఊరున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం అక్కడ నిర్మించిన బాట, యుద్ధానంతరం పందేలకు రంగస్థలమైనది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు క్రీడా సంఘం అక్కడ ఏళ్ల తరబడి పోటీలు నడిపినది. 1990లో చెన్నైకి పడమటగా ఇరుంగాట్టుకోట్టైలో పందేలకే నిర్మించిన మార్గం సిద్ధమైనది. దాని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు.

ఇట్టి మార్గాలకు వారాంతంలో చేరే ఔత్సాహికుడు మిగిలిన దినాలలో బ్యాంకులోనో, కర్మాగారంలోనో, సొంత దుకాణంలోనో పని చేసుకునే సామాన్యుడు. జీతంలో మిగిల్చిన సొమ్ము చక్రాల టైర్లకూ, చమురుకూ, ప్రవేశ రుసుముకూ చెల్లిపోతుంది. మొదటి దినాన అతని బండిని తనిఖీ అధికారులు పరీక్షిస్తారు. ముందు దీపం, అద్దాలు ఊడదీసినాడా? ఇంజనులోని నూనె కారకుండా మరలకు తీగె చుట్టి బిగించినాడా? తోలు అంగరఖా చిరుగు లేకుండా ఉన్నదా? శిరస్త్రాణం మీద పాత దెబ్బ ఏదైనా కనబడుతున్నదా? ఇందులో ఒక్కటి లోపించినా మార్గం మీదకు రానివ్వరు. రెండవ దినాన కాలపరీక్ష. ఎవరు ఎంత తక్కువ కాలంలో చుట్టు పూర్తి చేసినారో చూచి, ఆదివారం నాటి పందెంలో ఎవరెక్కడ నిలబడవలెనో నిర్ణయిస్తారు.

పందెమంతా మలుపుల దగ్గరనే తేలుతుంది. తిన్నని బాట మీద బలమైన ఇంజను చాలు. మలుపులో మనిషి నేర్పు కావలెను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, 80 మీటర్ల వ్యాసార్ధం గల వంపు తిరగవలెనంటే బండిని సుమారు 45 డిగ్రీలు వాల్చవలెను. అదే వంపును 110 కిలోమీటర్ల వేగంతో తిరగబోతే ఆ కోణం 50 డిగ్రీలకు చేరుతుంది. వేగం పదోవంతు పెరిగితే, బండిని వంపులో నిలిపి ఉంచే బలం ఐదోవంతుకు పైగా పెరగవలెను. ఎందుకంటే ఆ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. పాఠశాలలో వృత్తాకార చలనమని చదివే సూత్రమే ఇది. ఆ బలమంతా లభించేది టైరు నేలను తాకే చోటనే. ఆ చోటు అరచేతి పాటి కూడా ఉండదు.

ఇక పతనం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ పందేలలో దిగేవారిలో పెక్కుమందికి ఏదో ఒక ఆదివారం అనుభవానికి వచ్చేదే. మొదటి చుట్లలో టైరు ఇంకా తగినంత వేడెక్కి ఉండదు. చల్లని రబ్బరుకు పట్టు తక్కువ. ముందున్నవాణ్ణి దాటవలెననే ఆరాటంలో రౌతు వంపులోకి ఒక్క క్షణం ఆలస్యంగా బ్రేకు వేస్తాడు. ముందు చక్రం పట్టు తప్పితే బండి లోపలి పక్కకు ఒరిగిపోతుంది. మనిషి దాని వెంట నేల మీద జారిపోతాడు. తోలు అంగరఖా ఉన్నందున ఈ పడక తరచుగా గీతలతో తీరిపోతుంది. వంపు నుంచి బయటపడేవేళ తొందరపడి ఇంజను వేగం పెంచితే వచ్చేది ఇంతకంటె క్రూరమైనది. వెనుక చక్రం పక్కకు జారుతుంది. మరుక్షణమే తటాలున నేలను పట్టుకుంటుంది. వాలి ఉన్న బండి గుర్రం విదిలించినట్లు లేచి, రౌతును గాలిలోకి విసరివేస్తుంది.

అతడు నేలను తాకకముందే మలుపు దగ్గర నిలుచున్న సహాయకుడు పసుపు జెండా ఊపుతాడు. 'ముందు ప్రమాదమున్నది, ఎవరూ ఎవరినీ దాటవద్దు' అని దాని భావం. పడినవాడు లేవలేకపోతే ఎర్రజెండా, పందెం ఆగిపోతుంది. ఆంబులెన్సు వస్తుంది. పెక్కు సందర్భాలలో విరిగేది మెడకూ భుజానికీ నడుమ అడ్డంగా ఉండే సన్నని ఎముక. జత్రుక అని దానికి పేరు. భుజం నేలను గుద్దుకున్నప్పుడు ఆ తాకిడి ఈ ఎముక గుండా రొమ్ముటెముక వైపు సాగుతుంది. ఒంపు తిరిగిన ఆ ఎముక సాధారణంగా నడిమి భాగంలో విరుగుతుంది. పెద్దవారిలో అది అతుక్కొనడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి దుస్సహం. కాని అతడు మాట్లాడగలుగుతాడు. తన పేరు, ఊరు, నాటి తేదీ వైద్యునికి చెప్పగలుగుతాడు. భుజంతో పాటు తల కూడా నేలకు తగిలినది. అయినా తల నిలిచినది.

ఆ తల నిలవడం వెనుక శతాబ్దికి మించిన చరిత్ర ఉన్నది. ఇంగ్లండులోని బ్రూక్లాండ్స్ పందెపు మార్గంలో ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడుండేవాడు. పందేలలో పడినవారిలో తలకు దెబ్బ తగిలినవారు ఎక్కువగా ఉండడం గమనించి, ఆయన 1914లో క్యాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీ ఒకటి చేయించినాడు. పందేలు నడిపే సంఘంవారు మొదట దానిని తోసిపుచ్చినారు. తరువాత మనసు మార్చుకొని, ఆ ఏడాది మాన్ ద్వీపపు పందెంలో ప్రతి రౌతూ దానిని ధరించి తీరవలెనని శాసించినారు. ఏటేటా పందెపు దినాలలో తలదెబ్బలవారిని చూచే ఆ ద్వీపపు వైద్యుడు, ఆ ఏడాది అట్టివారు రాలేదని గార్డ్‌నర్‌కు తెలియజేసినాడు.

పందెపు మార్గంలో రుజువైన ఈ సత్యం వీధిలోకి రావడానికి మరి చాలా కాలం పట్టినది. 1935 మే 13న, అరేబియా యుద్ధగాథలతో ప్రఖ్యాతుడైన టి. ఇ. లారెన్స్ ఇంగ్లండులో తన ఇంటికి సమీపాన మోటారు సైకిలు మీద వస్తూ, సైకిళ్లపై ఎదురుగా కనబడిన ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయినాడు. తల మీద శిరస్త్రాణం లేదు. ఆరు దినాలు స్మృతి లేకుండా ఉండి, 46వ ఏట మరణించినాడు. ఆయనను చూడడానికి పిలిపించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్సా నిపుణుడు ఒకడు. ఆ మరణాన్ని ఆయన మరువలేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రకటించినాడు. యుద్ధం ఆరంభమైన తరువాతి 21 నెలలలో 2,279 మంది, మోటారు సైకిళ్లు నడిపేవారూ వెనుక కూర్చున్నవారూ, రహదారుల మీద మరణించినారని అందులో చూపినాడు. శిరస్త్రాణం ధరించి ప్రమాదంలో చిక్కినవారి వివరాలు ఆయనకు ఏడింటికి మించి దొరకలేదు. ఆ ఏడుగురూ బ్రతికినారు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన రౌతులకు శిరస్త్రాణం తప్పనిసరి చేసినది. సామాన్య పౌరులకు బ్రిటనులో అట్టి శాసనం 1973లో గాని రాలేదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను ఈ విధిని నిర్దేశిస్తున్నది.

శిరస్త్రాణం చేసే పనిలో మాయ ఏమీ లేదు. పైనున్న గట్టి చిప్ప దెబ్బను ఒక్కచోట దిగనివ్వక విశాలంగా పరుస్తుంది. లోపల అంగుళం మందాన ఉన్న నురుగువంటి పదార్థం తాను నలిగిపోయి, తల ఆగే దూరాన్ని పెంచుతుంది. రెండు మిల్లీమీటర్లలో ఆగవలసిన తల రెండు సెంటీమీటర్లలో ఆగితే దెబ్బ పదోవంతుకు తగ్గుతుంది. చేయి చాచి పట్టిన క్రికెట్ బంతిని వెనుకకు లాక్కుంటూ అందుకోవడంలో ఉన్న కిటుకు ఇదే. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ లేవదు. కావుననే, పైకి చెక్కుచెదరనట్లు కనబడినా, ప్రమాదంలో తగిలిన శిరస్త్రాణాన్ని వివేకులు మళ్లీ ధరించరు.

సోమవారం ఉదయం ఆ ఔత్సాహికుడు చేతికి కట్టుతో తన ఉద్యోగస్థలానికి సెలవు చీటీ పంపుకొనవలసి వస్తుంది. చికిత్సకూ, బండి మరమ్మతుకూ వేరెవరూ డబ్బివ్వరు. ఇంటివారి కన్నీటికి సమాధానం అతడే చెప్పుకొనవలెను. మంచి రౌతు అయితే ఆ వారాలను దురదృష్టాన్ని తిట్టుకుంటూ గడపడు. ఏ మలుపులో, ఎంత వేగంతో, ఏ క్షణాన చేయి తొందరపడినదో గుర్తు చేసుకుంటాడు. తోటివారికి దాపరికం లేకుండా చెబుతాడు.

నేడు ఊరి వీధులలో రాత్రివేళ పందేలు కాసే కుర్రవాళ్లు తామూ ఆ కోవలోనివారమేనని భావిస్తారు. వారి మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకొని నిలిచే మనిషి ఉండడు. ఎదురుగా వచ్చే లారీ వారి పందెపు నియమాలను ఎరుగదు. రోడ్డు దాటుతున్న ముసలమ్మ ఆ పందెంలో దిగినది కాదు. మార్గం మీద పందెం కాసేవాడు తన ఎముకనే ఒడ్డుతాడు, వీధిలో కాసేవాడు ఇతరుల ప్రాణాన్ని కూడా ఒడ్డుతాడు. పందెపు ప్రేమికుణ్ణి చూచి నేర్వవలసినది వేగం కాదు. తనిఖీకి ఓపికగా నిలబడడం, జెండాకు లోబడడం, పడినప్పుడు ఎందుకు పడినాడో ఉన్నదున్నట్లు చెప్పడం. గార్డ్‌నర్, కెయిర్న్స్ చేసినది కూడా అదే: పడినవారిని లెక్కించి, పడిన కారణాన్ని వ్రాసిపెట్టినారు. ఆ లెక్కల ఫలమే నేడు తల్లి తన కుమారుని చేతికి అందించే శిరస్త్రాణం.