పిల్లలు ఆడే గేమ్‌లో పెద్దవాళ్లకూ చోటుందా? ఇండీ, కో-ఆప్ గేమ్‌ల గురించి ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినవి

ఆదివారం రాత్రి భోజనాలయ్యాయి. దస్తర్‌ఖాన్ ఎత్తేశారు. అబ్బా ఫోన్‌లో వార్తలు చూస్తున్నారు. అమ్మీ ఇంకో ఫోన్‌లో ఖాలాతో మాట్లాడుతోంది. అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక మూల, అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఇంకో మూల. నలుగురూ ఒకే గదిలో ఉన్నారు గానీ ఎవరి లోకం వాళ్లది. కాసేపటికి "ఎప్పుడు చూసినా ఆ గేమేనా, ఆపు!" అని ఒక కేక. "ఇంకొక్క ఐదు నిమిషాలు అమ్మీ" అని జవాబు. ఈ గొడవ తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే.

మనం "గేమ్" అనే ఒక్క మాటతో చాలా రకాలను ఒకే గాటన కట్టేస్తున్నాం. డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా గేమే, తుపాకులతో కాల్చుకునేదీ గేమే, నలుగురు కలిసి ఒక వంటగదిని నడిపేదీ గేమే. మందుల షాపులో ఉన్నవన్నీ ఒకే మందు అనుకుంటే ఎంత పొరపాటో, ఇదీ అంతే. ఏది ఏదో తెలిస్తే దేనికి వద్దనాలో, దేని దగ్గర మనమూ కూర్చోవచ్చో తెలుస్తుంది.

ఇండీ అంటే? కో-ఆప్ అంటే?

పెద్ద కంపెనీల గేమ్‌ల వెనుక వందల మంది ఉద్యోగులు, సినిమాలను మించిన బడ్జెట్లు ఉంటాయి. ఇండీ గేమ్ అలా కాదు. ఒక్కరో, ఇద్దరో, ఓ పదిమందో సొంతంగా తయారు చేసుకుంటారు. బడ్జెట్ తక్కువ కాబట్టి బొమ్మలు సాదాగా ఉండొచ్చు. కానీ పెద్ద కంపెనీ ధైర్యం చేయని ఆలోచన అక్కడ కనిపిస్తుంది.

కో-ఆప్ అంటే కలిసి ఆడే గేమ్. కేరమ్స్‌లో ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడతారు. కో-ఆప్‌లో అలా ఉండదు. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. ఇందులోనూ రెండు రకాలు. ఒకే టీవీ ముందు కూర్చుని ఆడేది ఒకటి, ఎవరింట్లో వాళ్లుండి ఇంటర్నెట్‌లో కలిసేది ఇంకొకటి. ఇంటివాళ్లకు ఈ తేడా ముఖ్యం. ఎందుకో ముందు ముందు చూద్దాం.

వంటగదిలో నలుగురు

ఈ రకం గేమ్‌లలో చాలామంది మొదట చెప్పే పేరు ఓవర్‌కుక్డ్. బ్రిటన్‌లో ఇద్దరు స్నేహితులు పెట్టుకున్న ఘోస్ట్ టౌన్ గేమ్స్ దీన్ని తయారు చేసింది. 2016లో వచ్చింది. నలుగురి వరకు ఆడొచ్చు. ఒకరు ఉల్లిపాయ కోయాలి, ఒకరు పొయ్యి చూసుకోవాలి, ఒకరు ప్లేట్లు కడగాలి, ఒకరు వడ్డించాలి. టైమ్ పరిగెడుతుంటుంది, ఆర్డర్లు వచ్చి పడుతుంటాయి. పొయ్యి మీద పెట్టింది మర్చిపోతే మాడి మంటలు లేస్తాయి.

రంజాన్‌లో ఇఫ్తార్‌కు పావుగంట ముందు మన వంటిల్లు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, అచ్చం అదే! మా ఇంట్లో పిల్లలు మొదటిసారి దీన్ని ఆడినప్పుడు వరుసగా ఓడిపోతూనే ఉన్నారు. పక్కన కూర్చున్న నానీ కంట్రోలర్ ముట్టుకోనే లేదు. "అందరూ పొయ్యి దగ్గరికే పరిగెడితే గిన్నెలెవరు కడుగుతార్రా?" అని ఒక్క మాట అంది. పనులు పంచుకున్నాక ఆ లెవెల్ దాటేశారు.

ఆటగాళ్ల అభిప్రాయాలు ఈ గేమ్ మీద రెండుగా చీలిపోతాయి. కొందరు "ఇంతగా నవ్విన గేమ్ ఇంకోటి లేదు" అంటారు. కొందరు "స్నేహితులతో గొడవ పడాలంటే ఇది చాలు" అంటారు. రెండూ నిజమే. బాగా ఆడేవాడు, అప్పుడే నేర్చుకునేవాడు పక్కపక్కన కూర్చుంటే మొదటివాడు అరవడం మొదలుపెడతాడు. అందుకే చిన్నపిల్లలతో ఆడేటప్పుడు మూడు స్టార్లు రావాలని పట్టుబట్టకండి. ఓవర్‌కుక్డ్ ఆల్ యూ కెన్ ఈట్ అనే వెర్షన్‌లో టైమ్ ఎక్కువ ఇచ్చే సదుపాయం కూడా ఉంది. మొదటి ఓవర్‌కుక్డ్ ఒకే గదిలో ఆడేది. 2018లో వచ్చిన రెండో భాగాన్ని ఇంటర్నెట్‌లోనూ ఆడొచ్చు.

"ఐదు నిమిషాలు" వెనుక అసలు సంగతి

స్టార్‌డ్యూ వ్యాలీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. తొందర లేదు, అరుపులు లేవు. తాత వదిలి వెళ్లిన పాత పొలాన్ని బాగుచేసుకోవాలి. విత్తనాలు వేయాలి, నీళ్లు పోయాలి, కోళ్లను పెంచాలి, ఊళ్లోవాళ్లతో పరిచయం పెంచుకోవాలి. అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ సుమారు నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని దీన్ని తయారు చేశాడు. బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ అతనివే. 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. 2018లో కలిసి ఆడే వీలు కల్పించాడు. ఇప్పటికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అంతమంది కొన్న గేమ్ ఒక్క మనిషి చేతిలో తయారైందంటే, ఇండీ అన్న మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తల్లిదండ్రులకు పనికొచ్చే ఒక సంగతి ఈ గేమ్‌లో ఉంది. ఇందులో ఒక "రోజు" సుమారు 14 నిమిషాలు. ఆ రోజు ముగిసి, ఆటలోని మనిషి పడుకున్నప్పుడే ఆట సేవ్ అవుతుంది. మధ్యలో ఆపేస్తే ఆ రోజు చేసిన పనంతా పోతుంది. కలిసి ఆడుతుంటే అందరూ పడుకుంటేనే రోజు ముగుస్తుంది. అంటే పిల్లాడు "ఇంకొక్క ఐదు నిమిషాలు" అన్నప్పుడు ప్రతిసారీ అబద్ధం ఆడటం లేదు. "ఇప్పుడే ఆపు" అనే బదులు "ఈ రోజు అయ్యాక ఆపు, కొత్త రోజు మొదలుపెట్టకు" అనండి. ఆ మాట వాడికి అర్థమవుతుంది, మీ మాటకు విలువా ఉంటుంది. నమాజ్ టైమ్‌కో భోజనం టైమ్‌కో పావుగంట ముందే చెబితే ఇంకా మంచిది.

అలాగని కళ్లు మూసుకుని ఇవ్వాల్సిన గేమ్ కూడా కాదు. ఆ ఊళ్లో మద్యం దుకాణం ఉంది. పొలంలో పండిన పండ్లతో వైన్ చేయొచ్చు. ఆట ముందుకెళ్లాక ఒక క్యాసినో కూడా వస్తుంది. అందులో అసలు డబ్బు పెట్టేది ఏమీ ఉండదు, ఇవేవీ చేయకుండానే ఆట సాగించొచ్చు. కానీ ఉన్నాయని మనకు తెలియాలి. తెలిస్తే పిల్లలతో ముందే మాట్లాడొచ్చు.

ఇద్దరు లేనిదే మొదలవ్వని గేమ్

ఇట్ టేక్స్ టూ గేమ్‌ను ఒక్కరే ఆడాలనుకున్నా కుదరదు. తప్పనిసరిగా ఇద్దరు ఉండాలి. స్వీడన్‌లోని హేజ్‌లైట్ స్టూడియో తయారు చేసింది. దాని అధిపతి జోసెఫ్ ఫారెస్ లెబనాన్‌లోని బీరూట్‌లో పుట్టాడు. అంతర్యుద్ధం రోజుల్లో పదేళ్ల వయసులో కుటుంబంతో స్వీడన్ చేరాడు. సినిమాలు తీశాడు, తర్వాత గేమ్‌ల వైపు వచ్చాడు. 2021లో వచ్చిన ఈ గేమ్ ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. దీన్ని విడుదల చేసింది ఈఏ అనే పెద్ద కంపెనీ. అందుకే ఇది ఇండీనా కాదా అని ఆటగాళ్లు వాదించుకుంటారు. కో-ఆప్ అనడంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

విడిపోదామనుకున్న భార్యాభర్తలు చిన్న బొమ్మలుగా మారిపోతారు. మళ్లీ కూతురి దగ్గరికి చేరాలంటే ఇద్దరూ కలిసి పనిచేయక తప్పదు. ఒకరి చేతిలో సుత్తి, ఇంకొకరి చేతిలో మేకులు. ఒకరు లేకుండా ఇంకొకరి పని నడవదు. తల్లిదండ్రుల మధ్య గొడవలు చూసిన పిల్లలకు ఈ కథ గట్టిగా తగలొచ్చు. మధ్యలో ఒక బొమ్మ ఏనుగును బాధపెట్టే దృశ్యం చాలామంది ఆటగాళ్లకు నచ్చలేదు. కాబట్టి పన్నెండేళ్లు దాటినవాళ్లతో, పక్కన మీరుండి ఆడించండి.

తెలియనివాళ్లు కలిసే చోట

లాక్‌డౌన్‌లో మన పిల్లలు కూడా తెగ ఆడిన అమాంగ్ అస్‌ను ఇన్నర్‌స్లాత్ అనే చిన్న బృందం 2018లో విడుదల చేసింది. రెండేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో ఒక్కసారిగా ప్రపంచమంతా పాకింది. అందరూ కలిసి ఓడలో పనులు చేస్తుంటారు. వాళ్లలో ఒకరిద్దరు దొంగలు. ఎవరో కనిపెట్టాలి. ఫోన్‌లో ఉచితమే.

ఇంట్లోవాళ్లు, కజిన్లు కలిసి ఆడితే ఇది నవ్వుల ఆట. అదే ఎవరో తెలియని పదిమందితో ఆడితే చాట్‌లో ఎవరు ఏం రాస్తారో చెప్పలేం. మార్గం సులువే. ప్రైవేట్ గది తెరిచి, దాని కోడ్‌ను మనవాళ్లకే పంపొచ్చు. ఒకే గదిలో ఆడేదానికీ ఇంటర్నెట్‌లో ఆడేదానికీ తేడా ముఖ్యమని మొదట్లో అన్నది ఇందుకే. టీవీ ముందు అయితే ఎవరితో ఆడుతున్నాడో కళ్ల ముందే ఉంటుంది. ఇంటర్నెట్‌లో అయితే అడిగి తెలుసుకోవాలి.

తెలియనివాళ్లతో ఆడే గేమ్‌లన్నీ ప్రమాదమే అని కూడా అనలేం. 2012లో వచ్చిన జర్నీలో ఎడారి మధ్య ఎవరో ఒక బాటసారి కలుస్తాడు. పేరు కనిపించదు, మాట్లాడే వీలుండదు. ఒక చిన్న శబ్దం చేసి పిలవడం మాత్రమే కుదురుతుంది. ఇద్దరూ దగ్గరగా నడుస్తూ ఒకరికొకరు సాయపడతారు. తయారుచేసినవాళ్లు తలుచుకుంటే తిట్టుకునే అవకాశమే లేకుండా చేయొచ్చని దీన్ని చూస్తే తెలుస్తుంది.

జేబు సంగతి

ఇళ్లను ముంచింది డబ్బు పెట్టి ఆడే గేమ్‌లు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు మార్చి వీటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం ఆమోదించింది. పందెం డబ్బుతో నడిచే ఆన్‌లైన్ గేమ్‌లను అది నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే సోషల్ గేమ్‌లను వేరుగా గుర్తించింది. చట్టమే ఇన్ని రకాలు చూస్తున్నప్పుడు మనం కూడా విడదీసి చూడాలి.

"ఉచితం" అన్న గేమ్ నిజంగా ఉచితమా అన్నది కూడా చూసుకోవాలి. కొన్ని ఉచిత గేమ్‌లు లోపల డబ్బు అడుగుతూనే ఉంటాయి. డబ్బిచ్చి ఒక పెట్టె కొంటే లోపల ఏముందో తెరిచేదాకా తెలియని పద్ధతి కూడా ఉంది. దాన్ని లూట్ బాక్స్ అంటారు. బెల్జియం 2018లో వీటిని జూదంగానే లెక్కగట్టింది. స్టార్‌డ్యూ వ్యాలీ వంటివి ఒక్కసారి కొంటే చాలు, మళ్లీ అడగవు. ఇండీ గేమ్‌లను మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణాల్లో ఇదొకటి.

కంప్యూటర్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. "ఎర్లీ యాక్సెస్" అని రాసి ఉంటే అది ఇంకా పూర్తికాని గేమ్. కొన్ని బాగా పూర్తవుతాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. ఇప్పుడు ఉన్నంత వరకు నచ్చితేనే కొనండి.

దూరంగా ఉన్న భాయిజాన్‌తో

మన ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావు, తిన్నావా" దగ్గరే మాట ఆగిపోతుంది. కో-ఆప్ గేమ్ అక్కడ నిజంగా పనికొస్తుంది. స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అనే సదుపాయం ఉంది. ఒకే గదిలో ఆడే గేమ్‌ను ఒకరు కొని తెరిస్తే, దూరంగా ఉన్నవాళ్లు కొనకుండానే అందులో చేరొచ్చు. ఇట్ టేక్స్ టూలోనూ ఇద్దరిలో ఒకరు కొంటే చాలు, రెండోవారు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఇంటర్నెట్ మాత్రం రెండువైపులా బాగుండాలి. హైదరాబాద్‌లో రాత్రి పది అయితే రియాద్‌లో ఏడున్నర. డ్యూటీ నుంచి వచ్చిన భాయిజాన్ అరగంట చెల్లెలితో కలిసి ఉల్లిపాయలు కోస్తే, ఆ అరగంటలో ఫోన్‌లో రాని మాటలు చాలా వస్తాయి.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

కొత్త గేమ్ ఏదైనా ఇంట్లోకి వస్తే ఈ మూడు అడగండి.

మొదటిది, ఎవరితో ఆడుతున్నావు? జవాబు పేర్లతో రావాలి.

రెండోది, డబ్బు ఎక్కడ అడుగుతుంది? ఒక్కసారా, మళ్లీ మళ్లీనా?

మూడోది, ఎప్పుడు ఆగుతుంది? లెవెల్ అయ్యాకా, రోజు అయ్యాకా? అసలు ఆగే చోటే లేని గేమ్ అయితే ఆగే టైమ్ మీరే ముందుగా పెట్టాలి.

ఈ మూడింటికీ జవాబులు తెలియాలంటే తేలికైన దారి ఒకటుంది. ఒక రాత్రి మీరూ పక్కన కూర్చోండి. "నాకు రాదు" అని వెనక్కి తగ్గకండి. రాకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ రోజు మీకు నేర్పేది మీ పిల్లలే అవుతారు. పిల్లాడు "అబ్బా, అలా కాదు, ఇలా నొక్కాలి" అంటూ మీ వేలు పట్టుకుని చూపిస్తాడు. వాడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో ఆ తర్వాత మీరు అడగక్కర్లేదు, వాడే చెబుతాడు.