మీకు తెలుసా? పంది పిల్లకు తల్లిపాలు ఒక్కటే చాలవు

పంది పిల్ల ఒంట్లో పుట్టుకతో ఉండే ఇనుము దాదాపు 50 మిల్లీగ్రాములే. రోజుకు కనీసం 7 మిల్లీగ్రాములు కావాలి, తల్లిపాల నుంచి అందేది సుమారు ఒక్కటే! అందుకే 3, 4 రోజుల వయసులో ఇనుము ఇంజెక్షన్ వేయిస్తారు. మట్టిలో తిరిగే నాటు పిల్లకు ఈ బాధ తక్కువ, సిమెంటు గచ్చు మీద పెరిగేదానికే ముప్పు.

సూరత్ ఉక్కపోతలోనైనా తిరుపతి ఎండలోనైనా మరో చిక్కుంది. వేడికి తల్లి మేత తగ్గిస్తుంది, పాలూ తగ్గుతాయి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం యార్క్‌షైర్, నాటు పందుల కలయికతో రూపొందించిన ఎస్‌వీవీయూ-టీ17 రకం పిల్లలకైనా అదనపు మేత అవసరమే. రెండో వారం నుంచే, తల్లికి అందని మూలలో, మెత్తటి క్రీప్ దాణా (పాలు తాగే పిల్లల మేత) కొద్దికొద్దిగా పెట్టండి. పక్కనే మంచినీళ్లు ఉంచండి. మిగిలిన దాణా ఉక్కకు పులుస్తుంది, రోజూ తీసేయండి.