చిత్తూరు చేయి, పారిసు పనిశాల

పుత్తూరు పేరు వినగానే తెలుగువారికీ, తమిళులకూ గూడ ముందుగా స్ఫురించేది కట్టు. విరిగిన ఎముకను వ్రేళ్లతో తడిమి, కుదురుకు తెచ్చి, ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టే ఆ విద్య పుస్తకం ద్వారా వచ్చింది కాదు. దాని గుణదోష విచారణ వైద్యశాస్త్రజ్ఞుల పని. ఇక్కడ ప్రస్తుతమైనది అది సంక్రమించిన తీరు. నేర్చేవాడు నేర్పేవాని ప్రక్కన నిలిచాడు, చేతి కదలికను చూచాడు, తాను చేశాడు, తప్పినచోట దిద్దించుకొన్నాడు. చిత్రకళలో గూడ సగభాగం ఇట్టి విద్యయే. ఆ సగభాగం కోసం మనిషి ఒక్కొక్కప్పుడు సముద్రాలు దాటవలసి వస్తుంది.

యువ చిత్రకారులకు విదేశీ సంస్థలు కల్పించే 'రెసిడెన్సీ'ల ప్రయోజనమంతా ఇందులోనే ఉన్నది. అక్కడ పరీక్ష లేదు, పట్టా లేదు. ఉండేందుకు గది, పనిచేసేందుకు చోటు, పనిముట్లు, కొంత భృతి, కొన్ని సంస్థలైతే ప్రయాణపు ఖర్చు గూడ ఇస్తాయి. గడువు కొన్ని వారాలు కావచ్చు, ఏడాది కావచ్చు. 1963లో న్యూయార్కులో మూడవ జాన్ డి. రాక్‌ఫెల్లర్ పేర వెలసిన నిధి గైతోండే, కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటివారిని అమెరికాకు రప్పించింది. బ్రిటనుకు వెళ్లదలచిన భారతీయ కళాకారుల కోసం 1981లో చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు ఏర్పడింది. దరఖాస్తు పెట్టుకొనే యువకుడు భృతి ఎంత, ఊరు ఏది అని అడగడం సహజమే. అయితే ముందుగా తెలుసుకోదగినది మరొకటి ఉన్నది: ఆ పనిబల్లకు అటువైపు నిలిచేవారెవరు?

దీనికి దృష్టాంతం వెదకుకొంటూ దూరం పోనక్కరలేదు. చిత్తూరు సమీపాన నందనూరు అనే పల్లెలో 1925లో జన్మించిన శ్రీ కృష్ణారెడ్డి 1941 నుండి 1946 వరకు శాంతినికేతనంలోని కళాభవనంలో నందలాల్ బోసు శిష్యుడు. బెంగాలు కరువు ఆ కాలంలోనే వచ్చింది. తరువాత మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళాశాఖకు పెద్దగా రెండేళ్లు పనిచేసి, 1949లో లండనుకు ప్రయాణమయ్యారు. స్లేడ్ కళాశాలలో ఆయన అభ్యసించింది శిల్పం. పారిసులో జాడ్కిన్ వద్ద, మిలానులో మారినో మారినీ వద్ద చేసిందీ శిల్పాభ్యాసమే. కాని ఆయన పేరు లోకానికి తెలిసింది ముద్రణకళ వల్ల. దానికి కారణం ఒక పనిశాల.

ఆ పనిశాల పేరు 'ఆతెలియే 17'. స్టాన్లీ విలియం హేటర్ అనే ఆంగ్లేయుడు 1927లో పారిసులో దానిని ప్రారంభించాడు. చిత్రకారుడు కాకమునుపు ఈయన రసాయన శాస్త్రం చదివి, పర్షియాలో చమురు కంపెనీలో ఉద్యోగం చేసినవాడు. ఆ చదువు ఎక్కడికి పోతుంది? ఆయన పనిశాలలో ఆమ్లం, లోహం, నూనె అన్నీ ప్రశ్నలే. పికాసో, మీరో వంటివారు గూడ అక్కడ పనిచేశారు. ఒకరు చెక్కిన ఫలకాన్ని మరొకరు చూచేవారు. ఒకరి పొరపాటు పదిమందికీ పాఠమయ్యేది. కృష్ణారెడ్డి అక్కడ విద్యార్థిగా ప్రవేశించి, 1960ల మధ్యనాటికి హేటరుతోపాటు సహనిర్వాహకుడయ్యారు.

అప్పటివరకు లోహఫలకంతో రంగుల చిత్రం అచ్చువేయాలంటే సాధారణంగా రంగుకొక ఫలకం చొప్పున చెక్కి, కాగితాన్ని మళ్లీమళ్లీ యంత్రం క్రిందకు పంపేవారు. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడేది. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుండి వచ్చిన కైకో మోతీ మొదలైనవారి ప్రయోగాల వల్ల ఒకే ఫలకం నుండి, ఒకే ఒత్తిడిలో అనేక వర్ణాలు దించే మార్గం దొరికింది. ఫలకాన్ని వేర్వేరు లోతులలో మలుస్తారు. గాడులలో ఒక సిరా నింపుతారు. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది మెరకలను మాత్రమే తాకుతుంది. తరువాత చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాలలోనికి దిగుతుంది. మెరక మీది నూనెసిరా దానిని అంటనీయదు. రెండు రంగులూ ప్రక్కప్రక్కన ఉండి గూడ కలగాపులగం కావు. సిరా చిక్కదనమే ఇక్కడ కంచె.

ఈ సంగతి శ్రీకాళహస్తి కలంకారీ ఎరిగినవారికి వింతగా తోచదు. కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీత గీస్తే, తగిలినచోట నలుపు తేలుతుంది. పటికనీటితో వ్రాసిన చోటికి మొదట రంగే ఉండదు. గుడ్డను వేళ్ల, చెక్కల రంగునీటిలో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టి నిలుస్తుంది. పదార్థం పదార్థాన్ని ఎక్కడ పిలుస్తుందో, ఎక్కడ తోసివేస్తుందో తెలిసినవాడే అక్కడ గూడ చిత్రకారుడు. కృష్ణారెడ్డిగారి ప్రయోగానికి కలంకారీ మూలమని చెప్పడానికి ఆధారం లేదు. అట్లా ముడిపెట్టడం స్వదేశాభిమానమే గాని చరిత్ర కాదు. రెండింటి స్వభావం మాత్రం ఒక్కటే. కృష్ణారెడ్డిగారికి 1972లోను, కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారికి 2008లోను పద్మశ్రీ లభించింది.

ఈ విధాన మంతా చమత్కారంగా మిగిలిపోక, చూపుగా మారడమే ఆయన గొప్పతనం. 1963 నాటి 'సుడిగుండం'లో నీటి తిరుగుడు, వర్ణాల తిరుగుడు వేరుగా కనిపించవు. 1968లో పారిసు వీథులలో విద్యార్థులు లేచినప్పుడు ఆయన 'ప్రదర్శనకారులు' చెక్కారు. తరువాతి కాలపు 'విదూషకుడు' ఫలకం నుండి రంగులు మార్చిమార్చి ఎన్నో ప్రతులు తీశారు. ఫలకం ఒకటే, ఒక ప్రతిలో ఉల్లాసం, మరొకదానిలో దిగులు.

ఆయన తిరిగివచ్చి ఇక్కడ స్థిరపడలేదు. 1976లో న్యూయార్కుకు మారి, అక్కడి విశ్వవిద్యాలయంలో బోధించి, 2018 ఆగస్టులో ఆ నగరంలోనే కన్నుమూశారు. విదేశపు అవకాశం మనవాణ్ణి మనకు కాకుండ చేసినదా అనే ప్రశ్న రాకమానదు. ఆ నష్టం లేదనడం అబద్ధం. కాని భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన శిక్షణ శిబిరాలు నడిపి ఈ విధానాన్ని నేర్పారు. 1988లో దానిని ఇంగ్లీషులో గ్రంథంగా ప్రకటించారు. రహస్యమని దాచుకొన్నది లేదు. ఇక ఆయన పుట్టిన సీమలో ఎన్ని డ్రాయింగు తరగతులలో ఆయన పేరు వినబడుతున్నదో ఉపాధ్యాయులే చెప్పవలె. మనిషి పోయినందుకు విచారించేవారు, పంపిన విద్యను అందుకొన్నామా అని గూడ విచారించుకోవచ్చు.

పుత్తూరు విద్యార్థికి ఇప్పుడు తొలిమెట్టు పారిసు కానక్కరలేదు. రేణిగుంట, అరక్కోణం నడుమ రైలుమార్గం మీద ఉన్న ఊరు ఇది. చెన్నపట్నంలో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉన్నది; కలంకారీ పనివారి ఇండ్లు కాళహస్తిలో ఉన్నవి. విదేశీ సంస్థలు దరఖాస్తుతోపాటు చేసిన పనుల ఛాయాచిత్రాలను, అక్కడ ఏమి చేయదలచినదీ తెలిపే వ్రాతను అడుగుతాయి. మన పిల్లలు చాలామంది తడబడేది ఆ రెండవదాని దగ్గర. బొమ్మ వేయగలరు, ఎందుకు వేశారో నాలుగు వాక్యాలలో చెప్పమంటే నోరు పెగలదు. డ్రాయింగు మాస్టారు, తెలుగు మాస్టారు కలిసి కూర్చొని సాయపడదగిన చోటు అది.

ఆ వ్రాతకు ముందు ఒక చిన్న పని బడిలోనే చేయించవచ్చు. ఒక గాజుపలక, ఒక రోలరు, రెండు రంగుల ముద్రణసిరా, కొంచెం అవిసెనూనె చాలు. ఒక సిరాలో నూనె బాగా కలిపి పలక మీద ఒక ప్రక్కన దొర్లించి, తుడిచిన రోలరుతో రెండవ సిరాను చిక్కగానే పలకంతటా దొర్లించి, ఎక్కడ అంటినదో, ఎక్కడ అంటలేదో పిల్లలచేతనే నోటుపుస్తకంలో వ్రాయించవలె.